మెలికల గాడిలో ఖనిజం, బొగ్గు: పాఠకుల ప్రశ్నలు – జవాబులు

సముద్రతీర ఖనిజాలపై కిందటి సంచికలో వచ్చిన వ్యాసంలో స్పైరల్ సెపరేటర్ అనే యంత్రాన్ని ఒకే ఒక వాక్యంలో ప్రస్తావించి ముందుకు వెళ్ళాం. నల్ల ఇసుకను తెల్ల ఇసుక నుంచి నీటి ప్రవాహంతో వేరుచేసే సాధనం అని మాత్రమే అందులో చెప్పాం. పాఠకులు ఆ వాక్యాన్ని అంత తేలిగ్గా వదిలిపెట్టలేదు. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ దాని గురించే కాబట్టి ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఆ యంత్రానికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా ఊరి ఒడ్డున అల వెనక్కి తగ్గినప్పుడు ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. రసాయనాలేవీ కలపకుండా, మోటారు కూడా లేని మెలికల గొట్టంలో నీళ్ళతో పారించి ఆ నల్ల ఇసుకను వేరుచేస్తారంటే నమ్మబుద్ధి కావడం లేదు. అది ఎలా సాధ్యమో వివరంగా చెప్పగలరా?
— ఒక ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీరు చూస్తున్న నల్లటి చారలో ముఖ్యంగా ఉండేది ఇల్మనైట్. అది ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన ఖనిజం. దానితోపాటు ఎర్రటి గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్, రూటైల్, కొద్దిపాటి మోనజైట్ కూడా ఉంటాయి. తూర్పు కనుమల్లోని ఖోండలైట్, చార్నొకైట్ శిలలు యుగాల తరబడి శిథిలం కాగా, నాగావళి, వంశధార వంటి నదులు ఆ రేణువులను మోసుకొచ్చి సముద్రంలో పోశాయి. వాటిని తొలి విడత వేరుచేసింది అలలే. ముందుకు వచ్చే అల అన్ని రేణువులనూ ఒడ్డుకు ఎక్కిస్తుంది, వెనక్కి మళ్ళే అల తేలికైనవాటిని మాత్రమే తీసుకుపోగలుగుతుంది, బరువైనవి చారగా మిగిలిపోతాయి. మామూలు ఇసుకలో ఉండే పలుగురాయి, అంటే క్వార్ట్జ్, నీటి కంటే 2.65 రెట్లు బరువు. ఇల్మనైట్ దాదాపు 4.7 రెట్లు, గార్నెట్ సుమారు 4 రెట్లు, మోనజైట్ 5 రెట్లు బరువు. స్పైరల్ సెపరేటర్ కూడా సాంద్రతలో ఉన్న ఈ తేడానే వాడుకుంటుంది.

దాని నిర్మాణం చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. నిటారుగా నిలబెట్టిన ఒక స్తంభం చుట్టూ, పైభాగం తెరిచి ఉన్న ఒక గాడి అయిదు నుంచి ఏడు చుట్లు తిరుగుతూ కిందికి దిగుతుంది. మొత్తం ఎత్తు మనిషి కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది. గాడిని అడ్డంగా కోసి చూస్తే స్తంభం వైపు పల్లంగా, బయటి అంచు వైపు ఎత్తుగా కనిపిస్తుంది. ఇప్పటి గాడులు ఫైబర్‌గ్లాస్‌తో తయారవుతాయి, రాపిడికి అరిగిపోకుండా లోపల పాలీయురథేన్ పూత ఉంటుంది. పైనున్న పెట్టెలోకి ఇసుక, నీరు కలిసిన స్లర్రీని పంపుతో ఎక్కిస్తారు. అక్కడి నుంచి పని చేసేది భూమ్యాకర్షణే కాబట్టి గాడికంటూ మోటారు అక్కరలేదు. అయితే స్లర్రీని పైకి ఎక్కించే పంపుకు కరెంటు ఖర్చు ఎలాగూ ఉంటుంది కనుక, ఉచితంగా నడిచే యంత్రమని మాత్రం అనుకోకండి.

స్లర్రీలో ఘనపదార్థం బరువు లెక్కన 15 నుంచి 45 శాతం వరకు ఉండవచ్చు. రేణువుల పరిమాణం 3 మిల్లీమీటర్ల నుంచి 0.075 మిల్లీమీటరు దాకా ఉంటే స్పైరల్ పనిచేస్తుంది. ఒక్కో గాడి గంటకు ఒకటి నుంచి మూడు టన్నుల పొడి ఇసుకను మాత్రమే నడపగలదు. పెద్ద కర్మాగారాల్లో ఈ యంత్రాలు వందల సంఖ్యలో బారులు తీరి ఉండటానికి, స్థలం కలిసొచ్చేలా ఒకే స్తంభానికి రెండు మూడు గాడులను చుట్టడానికి కారణం ఇదే.

నడుస్తున్న స్పైరల్ చివరి చుట్టు దగ్గర నిలబడి చూస్తే మీ సందేహం తీరిపోతుంది. స్తంభాన్ని ఆనుకుని నిగనిగలాడే నల్లటి పట్టీ ఒకటి, దాదాపు కదలనట్టుగా, నింపాదిగా జారుతుంటుంది. దాని పక్కన నలుపూ తెలుపూ కలిసిన బూడిదరంగు పట్టీ, ఆ తర్వాత వెడల్పాటి లేత రంగు ఇసుక, చిట్టచివర బయటి అంచున మట్టి కలిసి వేగంగా పరుగెత్తే నీరు కనిపిస్తాయి. గాడి చివర స్ప్లిటర్ అనే చిన్న కత్తి లాంటి పలకలు ఉంటాయి, వాటిని అటూ ఇటూ జరపవచ్చు. నలుపుకూ బూడిదరంగుకూ మధ్య ఒకటి, బూడిదరంగుకూ తెలుపుకూ మధ్య ఒకటి నిలబెడితే స్లర్రీ మూడు పాయలుగా చీలి, మూడు గొట్టాల్లోకి విడివిడిగా వెళ్ళిపోతుంది. లోపలి పాయను కాన్సంట్రేట్ అని, మధ్యదాన్ని మిడిలింగ్స్ అని, బయటిదాన్ని టెయిలింగ్స్ అని వ్యవహరిస్తారు.

స్ప్లిటర్‌ను ఎక్కడ నిలపాలన్నది ఎప్పుడూ బేరం లాంటిదే. ఒక లెక్క చూద్దాం. గంటకు 2 టన్నుల ఇసుక గాడిలోకి వస్తున్నదనీ, అందులో బరువు ఖనిజాలు 20 శాతమనీ అనుకుందాం. అంటే 400 కిలోల ఖనిజం లోపలికి వస్తున్నది. లోపలి పాయలో గంటకు 450 కిలోలు దిగుతూ, అందులో 80 శాతం బరువు ఖనిజమే ఉంటే, మనకు చిక్కింది 360 కిలోలు. అంటే రికవరీ 90 శాతం. ఇంకా శుభ్రమైన సరుకు కావాలని స్ప్లిటర్‌ను స్తంభం వైపు ఒక సెంటీమీటరు జరిపితే 80 శాతం 90కి చేరవచ్చు గానీ, ఖనిజంలో కొంత మిడిలింగ్స్‌లోకి జారిపోతుంది. ఒకే గాడితో రెండు ప్రయోజనాలూ పూర్తిగా నెరవేరవు. అందుకే మొదటి వరుస స్పైరళ్ళలో ఖనిజాన్ని వీలైనంతగా పట్టుకుని, దాన్ని రెండో వరుసలో శుభ్రపరిచి, మిడిలింగ్స్‌ను తిరిగి మొదటికి పంపి, టెయిలింగ్స్‌ను మరో వరుసలో ఇంకోసారి నడుపుతారు.

కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్‌కు మీ జిల్లా సరిహద్దు దాటగానే ఒడిశాలోని ఛత్రపూర్‌లోను, కేరళలోని చవరలోను, తమిళనాడులోని మణవాళకురిచ్చిలోను ఇసుక ఖనిజాల కర్మాగారాలున్నాయి. ఛత్రపూర్‌లో ఇసుకను తవ్వి తీశాక తొలిమెట్టు స్పైరళ్ళదే. వాటి నుంచి దిగేది అన్ని బరువు ఖనిజాల మిశ్రమం మాత్రమే. ఆ తర్వాత దాన్ని ఎండబెట్టి, విద్యుత్తు ప్రసరింపజేసే గుణాన్ని బట్టి ఇల్మనైట్, రూటైల్‌లను ఒక వైపు, జిర్కాన్, మోనజైట్, గార్నెట్‌లను మరో వైపు మళ్ళిస్తారు. ఆపైన అయస్కాంతాలతో ఒక్కోదాన్ని విడదీస్తారు.

ప్రశ్న: గుండ్రంగా తిరిగే వస్తువును అపకేంద్ర బలం బయటికి నెడుతుందని చదువుకున్నాం. బరువు ఎక్కువైతే ఆ బలం కూడా ఎక్కువే కదా. అలాంటప్పుడు స్పైరల్‌లో బరువైన రేణువులు బయటి అంచుకు పోవాలి. స్తంభం వైపు ఎందుకు చేరుతున్నాయి?
— ఇంజనీరింగ్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: ఈసారి వచ్చిన ప్రశ్నల్లో అసలైనది ఇదే. చాలామంది స్పైరల్‌ను అపకేంద్ర యంత్రమనే అనుకుంటారు, కొన్ని పాఠాల్లో కూడా ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుంటారు. మీరు అన్నట్టు ఆ బలం ఒక్కటే పనిచేస్తే నల్లటి పట్టీ బయటి అంచునే ఉండేది.

గాడిలో నీరు అంతటా ఒకే తీరుగా పారదు. స్తంభం దగ్గర నీటి పొర మిల్లీమీటరుకు అటూ ఇటూగా పల్చగా, నెమ్మదిగా ఉంటుంది. బయటి అంచున సెంటీమీటరు మందాన, సెకనుకు మీటరుకు మించిన వేగంతో ఉరకలు వేస్తుంది. పైపై నీరు వేగంగా తిరుగుతుంది కనుక అపకేంద్ర బలం దాన్ని బయటికి తోస్తుంది, అక్కడ అది ఎత్తుగా పేరుకుంటుంది. అలా పేరుకున్న నీరు తన బరువుతో లోపలి వైపుకు ఒత్తిడి తెస్తుంది. ఆ ఒత్తిడి పైపొర మీదా అడుగుపొర మీదా సమానంగా ఉంటుంది. కానీ గాడి ఉపరితలానికి రాసుకుంటూ పోయే అడుగుపొర వేగం తక్కువ, కాబట్టి దాన్ని బయటికి నెట్టే బలమూ తక్కువే. ఒత్తిడిదే పైచేయి అవుతుంది, అడుగు నీరు లోపలికి మళ్ళుతుంది. ఈ విధంగా నీరు కిందికి దిగుతూనే, పైన బయటికీ అడుగున లోపలికీ తిరుగుతూ అడ్డంగా ఒక సుడిని ఏర్పరుస్తుంది. గోదావరి వంపు తిరిగే చోట లోపలి ఒడ్డున ఇసుక మేట వేయడానికి, బయటి ఒడ్డు కోతకు గురికావడానికి కారణం ఇదే ప్రవాహం.

ఇప్పుడు రేణువుల సంగతికి వద్దాం. బరువైన రేణువు త్వరగా అడుగుకు దిగుతుంది. 0.1 మిల్లీమీటరు ఇసుక రేణువు నిలకడ నీటిలో సెకనుకు సుమారు 8 మిల్లీమీటర్లు దిగితే, అంతే పరిమాణం గల ఇల్మనైట్ రేణువు దాదాపు రెట్టింపు వేగంతో దిగుతుంది. ముందు అడుగుకు చేరినది లోపలికి మళ్ళే పొరకు చిక్కుతుంది, గాడి వాలు కూడా దానికి తోడై స్తంభం వైపు జారుస్తుంది. ఆలస్యంగా దిగేది పైపొరలోనే ఉండి బయటికి కొట్టుకుపోతుంది. అంటే అపకేంద్ర బలం నేరుగా రేణువును ఎన్నుకోవడం లేదు. అది నీటిని రెండు పొరలుగా వ్యతిరేక దిశల్లో నడిపిస్తోంది, ఏ రేణువు ఏ పొరలో ఉండాలన్నది సాంద్రత నిర్ణయిస్తోంది.

దిగే వేగంతో ఒక చిక్కు కూడా ఉంది. లెక్క కడితే, 0.15 మిల్లీమీటరు ఇసుక రేణువు, 0.1 మిల్లీమీటరు ఇల్మనైట్ రేణువు ఇంచుమించు ఒకే వేగంతో దిగుతాయి. మరి వాటిని వేరుచేసేదేది? ఇక్కడ గాడి అడుగున కదిలే రేణువుల పరుపు ఆదుకుంటుంది. ఆ పరుపు నిరంతరం కదులుతూ, రేణువులు ఒకదానినొకటి తోసుకుంటూ, మధ్య మధ్య సందులు తెరుచుకుంటూ ఉంటాయి. చిన్నగా ఉండి బరువైనవి ఆ సందుల గుండా అడుగుకు జారిపోతాయి, పెద్దగా ఉండి తేలికైనవి పైకి వస్తాయి. ఇదంతా పైనుంచి కిందికి దిగే కొద్ది సెకన్లలోనే జరగాలి. విభజనలో చాలా భాగం మొదటి రెండు మూడు చుట్లలోనే పూర్తవుతుంది, మిగతావి దాన్ని సరిదిద్దుతాయి.

పాత తరహా స్పైరళ్ళలో లోపలి అంచు నుంచి కొద్దిగా మంచినీటి ధార కూడా ఇచ్చేవారు. నల్లటి పట్టీలో ఇరుక్కున్న ఇసుకను కడిగి బయటికి పంపడం దాని పని. గాడి ఆకారాన్ని మెరుగుపరచిన తర్వాత ఆ ధార లేకుండానే నడిచే రకాలు వచ్చాయి.

ప్రశ్న: బొగ్గును కూడా ఇదే పద్ధతిలో శుద్ధి చేస్తారని విన్నాను. బొగ్గు తేలిక కదా, అది ఎక్కడ చేరుతుంది? మన సింగరేణి బొగ్గుకు ఇది ఉపయోగపడుతుందా?
— బొగ్గు గనిలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక పాఠకుడు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా

జవాబు: బొగ్గు విషయంలో మొత్తం వ్యవహారం తిరగబడుతుంది. శుభ్రమైన బొగ్గు సాంద్రత 1.3 నుంచి 1.4 వరకు ఉంటుంది, బొగ్గుతో కలిసి వచ్చే షేల్ రాయిది 2.4 వరకు ఉంటుంది. కనుక స్తంభం వైపు చేరే బరువైన పట్టీ మనకు అక్కరలేని రాయి. మనకు కావలసిన బొగ్గు నీటితోపాటు బయటి సగంలో పారుతుంది. గంధకాన్ని మోసుకొచ్చే పైరైట్ సాంద్రత 5 దాకా ఉంటుంది కాబట్టి, విడిగా ఉన్న పైరైట్ రేణువులు కూడా రాయితోపాటు లోపలికే వెళ్ళిపోతాయి.

బొగ్గు శుద్ధి కర్మాగారంలో స్పైరల్‌ది మధ్యస్థానం. పెద్ద ముక్కలను మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు పొడి కలిపిన చిక్కటి ద్రవాన్ని సుడి తిప్పి బరువైనవాటిని, తేలికైనవాటిని విడదీసే పాత్రలైన సైక్లోన్‌లలో శుద్ధి చేస్తారు. దుమ్ములాంటి అతి సన్నటి పొడిని నురుగుకు అంటించి తేల్చే ఫ్లోటేషన్‌కు పంపుతారు. ఈ రెంటికీ నడుమ, సుమారు ఒక మిల్లీమీటరు నుంచి 0.1 మిల్లీమీటరు దాకా ఉండే రవ్వ స్పైరల్‌కు వస్తుంది. ఆస్ట్రేలియా బొగ్గు కర్మాగారాల్లో ఇది బాగా స్థిరపడిన పద్ధతి. విశాఖ ఉక్కు కర్మాగారం ఇనుము కరిగించే కొలిమికి కోక్ తయారుచేయడానికి వాడే కోకింగ్ బొగ్గులో అధిక భాగం దిగుమతిదే, అందులో ఆస్ట్రేలియాది పెద్ద వాటా. విశాఖకు ఓడల్లో వచ్చే ఆ బొగ్గులో ఎంతోకొంత రవ్వ స్పైరళ్ళ మీదుగా దిగి వచ్చిందే అయి ఉంటుంది.

ఇసుక స్పైరల్‌లో లేని తలనొప్పి ఒకటి ఇక్కడ ఉంది. అతి సన్నటి బంకమట్టి రేణువులు సాంద్రతను లెక్కచేయకుండా నీరు ఎటు పోతే అటే పోతాయి. ఆ నీరు పోయేది బొగ్గు వైపే. ఫలితంగా, శుద్ధి అయిన బొగ్గులో మళ్ళీ బూడిద శాతం పెంచే బురద కలుస్తుంది. అందువల్ల స్పైరల్‌కు ముందు సైక్లోన్‌తో బురదను వీలైనంత తొలగిస్తారు, స్పైరల్ తర్వాత వంపు జల్లెడ మీద నీటిని, బురదను వడగడతారు. ఈ రెండు ఏర్పాట్లూ సరిగా లేని చోట స్పైరల్‌ను తప్పుపట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. పైగా ఇసుకలో లాగా నలుపు, తెలుపు పట్టీలు కనిపించవు. రాయి కొంచెం మసకగా, బొగ్గు కొంచెం మెరుపుగా ఉన్నా, తడిలో రెండూ నల్లగానే అనిపిస్తాయి. స్ప్లిటర్‌ను కంటిచూపుతో సర్దడం కష్టం, పాయల నుంచి నమూనాలు తీసి, కాల్చి బూడిద చూసుకోవలసిందే.

ఇక సింగరేణి బొగ్గు. గోదావరి లోయ పొరలు గోండ్వానా కాలానివి, అంటే పాతిక కోట్ల ఏళ్ళకు పైబడినవి. మన దేశపు గోండ్వానా బొగ్గులో ఖనిజ పదార్థం విడి రాయిగా మాత్రమే ఉండదు, బొగ్గుతో సన్నగా పెనవేసుకుని ఉంటుంది. అందువల్ల 1.4కూ 1.8కీ మధ్య సాంద్రత గల రేణువులు ఎక్కువ. అచ్చమైన బొగ్గును, అచ్చమైన షేల్‌ను విడదీయడం స్పైరల్‌కు తేలిక. కానీ 1.4 సాంద్రత గల రేణువును 1.6 సాంద్రత గల రేణువు నుంచి విడదీయమంటే అది చేతులెత్తేస్తుంది. మామూలుగా అది 1.6 నుంచి 1.8 ప్రాంతంలోనే గీత గీయగలదు, అంతకంటే కిందికి దింపడం కష్టం. బూడిదను బాగా తగ్గించాలంటే ఇంకా తక్కువ సాంద్రత దగ్గరే కోత పడాలి. విద్యుత్ కేంద్రాలకు పంపే బొగ్గు రవ్వలో విడి రాయిని తీసివేయడం వరకైతే స్పైరల్ అక్కరకు రావచ్చు. మన బొగ్గును దానితో కోకింగ్ బొగ్గుకు దీటుగా మార్చవచ్చునని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి.

ప్రశ్న: ఒడిశాలో క్రోమైట్ అనే క్రోమియం ఖనిజాన్ని శుద్ధి చేసే ఒక కర్మాగారంలో శిక్షణలో ఉన్నాను. అవే స్పైరళ్ళు, అదే ఖనిజం, స్ప్లిటర్‌ను ఎవరూ ముట్టుకోలేదు. అయినా ఉదయం షిఫ్టులో బాగా వచ్చిన సరుకు మధ్యాహ్నానికి పాడవుతోంది. మా సూపర్‌వైజర్‌ను అడిగితే స్ప్లిటర్ జరపమంటున్నారు. అసలు కారణం ఎక్కడ వెతకాలి?
— శిక్షణలో ఉన్న యువకుడు, స్వస్థలం విజయనగరం

జవాబు: స్ప్లిటర్‌ను ఆఖరున ముట్టుకోండి. ఈ యంత్రంలో కదిలే భాగమేదీ లేదు కనుక, ఫలితం మారిందంటే దాదాపు ఎప్పుడూ లోపలికి వచ్చే స్లర్రీ మారిందనే అర్థం.

మొదట స్లర్రీ చిక్కదనం చూడండి. అందుకు ప్రయోగశాల అక్కరలేదు, సరిగ్గా లీటరు పట్టే డబ్బా, ఒక తక్కెడ చాలు. మీ ఖనిజం సగటు సాంద్రత 3.5 అనుకుంటే, 20 శాతం ఘనపదార్థం ఉన్న స్లర్రీ లీటరుకు దాదాపు 1.17 కిలోలు తూగుతుంది. 30 శాతం ఉంటే 1.27, 40 శాతం ఉంటే 1.40 కిలోలు. ఉదయం 1.27 తూగినది మధ్యాహ్నం 1.40 తూగితే మీ జవాబు దొరికినట్టే. చిక్కదనం పెరిగినప్పుడు రేణువుల పరుపు మందమై సందులు మూసుకుంటాయి, బరువైనవి అడుగుకు దిగే దారి ఉండదు. లోపలి అంచున ఇసుక కదలకుండా మేట వేస్తుంది, వేలితో తాకితే గట్టిగా తగులుతుంది. చిక్కదనం మరీ తగ్గితే ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. పలచని స్లర్రీ వేగం అందుకుని సన్నటి క్రోమైట్‌ను కూడా బయటికి ఈడ్చుకుపోతుంది.

తర్వాత పైకెక్కి పంపిణీ పెట్టెను చూడండి. ఒకే పెట్టె నుంచి పది పన్నెండు గాడులకు స్లర్రీ పోతుంటే, ఒక గొట్టంలో చెట్టు వేరో, రబ్బరు ముక్కో అడ్డం పడినా దాని వాటా పక్క గాడుల మీద పడుతుంది. కింద నిలబడి చూస్తే ఒక స్పైరల్ ఎండిపోయినట్టు, పక్కది పొంగిపోతున్నట్టు కనిపిస్తుంది. ఆ స్థితిలో అన్ని స్ప్లిటర్లనూ ఒకే తీరుగా జరిపితే ఏ గాడికీ న్యాయం జరగదు.

మూడోది బురద. మీ ప్రాంతపు ఖనిజంలో క్రోమైట్‌తోపాటు గోయథైట్ అనే ఇనుప ఖనిజం, మెత్తటి మట్టి బాగా ఉంటాయి. మట్టి ఎక్కువైన లోడు వస్తే నీరు జిగటగా మారి అన్ని రేణువులూ నెమ్మదిగా దిగుతాయి. గోయథైట్ సాంద్రత 4కు దగ్గర, క్రోమైట్‌ది 4.5 పైన, అంటే రెంటి మధ్య స్పైరల్ పట్టుకోగలిగిన తేడా చాలా స్వల్పం. మధ్యాహ్నం లోడులో గోయథైట్ శాతం పెరిగి ఉంటే స్ప్లిటర్‌ను ఎక్కడ పెట్టినా సరుకు మెరుగుపడదు. దాని పరిష్కారం గనిలో లోడులను కలిపే చోట ఉంటుంది.

నమూనా తీసేటప్పుడు ఒక జాగ్రత్త పాటించండి. పాయ అంచున గరిటె పెట్టి తీసినది నమూనా కాదు. పాయ మొత్తం బకెట్‌లో పడేలా పట్టాలి. మూడు పాయలనూ ఒకే స్పైరల్ నుంచి ఒకే వ్యవధి పాటు పట్టాలి. అప్పుడే లోపలికి వచ్చిన బరువుకు, బయటికి వెళ్ళిన బరువుకు లెక్క సరిపోతుంది. రెండు షిఫ్టుల తూకాలను పక్కపక్కన రాసి మీ సూపర్‌వైజర్ గారికి చూపిస్తే, వాదించవలసిన పని ఉండకపోవచ్చు.

ప్రశ్న: మా తీరంలోని ఇసుకలో సిల్లిమనైట్ ఎక్కువని చెబుతారు. దాన్ని కూడా స్పైరల్‌తోనే తీస్తారా?
— ఒక పాఠకురాలు, భీమునిపట్నం

జవాబు: తీయలేరు, ఎందుకో ఒక చిన్న లెక్కతో తేలిపోతుంది. బరువైన ఖనిజం సాంద్రత నుంచి నీటి సాంద్రతను, అంటే ఒకటిని తీసివేయాలి. తేలికైనదాని నుంచి కూడా అలాగే తీసివేసి, మొదటి దాన్ని రెండో దానితో భాగించాలి. ఇల్మనైట్, క్వార్ట్జ్‌ల విషయంలో 3.7ను 1.65తో భాగిస్తే 2.24 వస్తుంది. సిల్లిమనైట్ సాంద్రత సుమారు 3.24 కాబట్టి దానికి వచ్చేది 1.36 మాత్రమే. ఈ అంకె 2.5 దాటితే విభజన సులువు. 1.75 దాకా ఉంటే సన్న ఇసుకలో కూడా ఫలితం ఉంటుంది. 1.5కు దిగువన అయితే కొన్ని మిల్లీమీటర్ల ముక్కలకే ఆశ, 1.25 కంటే తక్కువైతే ప్రయత్నమే వృథా. మీ తీరపు ఇసుక రేణువులు మిల్లీమీటరులో చిన్న భాగం మాత్రమే కాబట్టి సిల్లిమనైట్‌కు ఫ్లోటేషన్ పద్ధతి వాడతారు. పైన సింగరేణి బొగ్గు గురించి చెప్పినది కూడా ఇదే లెక్కకు లోబడుతుంది. 1.4 సాంద్రత బొగ్గుకు, 1.6 సాంద్రత బొగ్గుకు మధ్య ఈ అంకె 1.5 మాత్రమే.

ప్రశ్న: దీన్ని ఎవరు, ఎప్పుడు కనిపెట్టారు?
— ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: అమెరికాకు చెందిన ఐరా హంఫ్రీస్ దీనికి వాడుకలోకి వచ్చే రూపం ఇచ్చారు. అందుకే చాలాకాలం దీన్ని హంఫ్రీస్ స్పైరల్ అనే పిలిచారు. 1943లో ఆరెగన్ రాష్ట్రపు తీరంలో క్రోమైట్ కలిసిన ఇసుకను శుద్ధి చేయడానికి తొలిసారి పారిశ్రామికంగా వాడారు. అది రెండో ప్రపంచ యుద్ధకాలం, ఉక్కును గట్టిపరచే క్రోమియంకు గిరాకీ ఎక్కువ. తొలి గాడులు పోత ఇనుముతో చేసినవి, బాగా బరువుగా ఉండేవి. ఫైబర్‌గ్లాస్ వచ్చాక గాడి ఆకారాన్ని కోరిన విధంగా మలచడం వీలైంది. ఇసుక ఖనిజాలకు ఒక తీరు గాడి, బొగ్గుకు వాలు తక్కువగా, వెడల్పు ఎక్కువగా ఉండే మరో తీరు గాడి రావడానికి ఆ వెసులుబాటే కారణం.

ప్రశ్న: కళాశాల ప్రదర్శనకు ఒక నమూనా స్పైరల్ తయారుచేయాలనుకుంటున్నాం. ఒడ్డు నుంచి నల్ల ఇసుక తెచ్చుకోవచ్చా? కొలతలు ఎలా ఉండాలి?
— పాలిటెక్నిక్ విద్యార్థులు, నెల్లూరు

జవాబు: నల్ల ఇసుక వద్దు. అందులోని మోనజైట్‌లో థోరియం ఉంటుంది, అణుశక్తి చట్టాల ప్రకారం అది నియంత్రిత పదార్థం. ఆ ఖనిజాల అన్వేషణ చూసే అటామిక్ మినరల్స్ డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం హైదరాబాదులోనే ఉంది. ప్రదర్శన కోసం అంత దూరం వెళ్ళకుండా, మామూలు నది ఇసుక, లేత్ వర్క్‌షాపులో దొరికే ఇనుప రజను కలిపి వాడండి. రెంటినీ ఒకే జల్లెడలో జల్లించి, అర మిల్లీమీటరుకు లోపలిది మాత్రమే తీసుకోండి. ఇనుప రజనుకు నూనె అంటుకుని ఉంటే సబ్బునీళ్ళతో బాగా కడగాలి, లేకపోతే అది నీటి మీద తేలి మిమ్మల్ని అభాసుపాలు చేస్తుంది.

గాడికి, రెండంగుళాల వెడల్పు గల మెత్తని ప్లాస్టిక్ గొట్టాన్ని పొడవునా సగానికి కోసి, ముప్పై సెంటీమీటర్ల వ్యాసం గల డబ్బా చుట్టూ చుట్టండి. చుట్టుకు 15 నుంచి 20 సెంటీమీటర్లు దిగేలా, నాలుగు చుట్లు వచ్చేలా బిగించండి. బయటి అంచు లోపలి అంచు కంటే కొద్దిగా ఎత్తుగా ఉండాలి, ఇది మరచిపోతే అడుగుకు చేరిన ఇనుము లోపలికి జారదు. నాలుగు పాళ్ళ ఇసుకకు ఒక పాలు ఇనుప రజను కలిపి, ఆ మిశ్రమం కిలోకు మూడు లీటర్ల నీరు పోసి, కలుపుతూనే పైనుంచి ధార ఆగకుండా వదలండి. ధార ఆగి ఆగి వస్తే పట్టీలు చెదిరిపోతాయి, ప్రదర్శనలో ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. చివర రేకు ముక్కను స్ప్లిటర్‌గా నిలిపి రెండు గిన్నెల్లోకి పట్టండి. తర్వాత అయస్కాంతాన్ని పాలిథీన్ సంచిలో చుట్టి, ఒక్కో గిన్నెలోని ఇనుమును విడివిడిగా తీసి, ఎండబెట్టి తూచండి. లోపలి గిన్నెలోని ఇనుమును రెండు గిన్నెల్లోని మొత్తం ఇనుముతో భాగించి నూరుతో గుణిస్తే మీ నమూనా రికవరీ తెలుస్తుంది. రేకును ఒక్కో అరసెంటీమీటరు జరుపుతూ ఈ తూకాన్ని మళ్ళీ మళ్ళీ చేసి, వచ్చిన అంకెలను పట్టికగా రాసి నమూనా పక్కన పెట్టండి.